ప్రెస్‌నోట్ పంపిన చెయ్యి ఎవరిది?

(రాజమహేంద్రవరంలో పౌరసంబంధాల ఉద్యోగుల కోసం జరిగిన సదస్సులో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. ఎండలో అమలాపురం నుంచి, భీమవరం నుంచి, కాకినాడ నుంచి వచ్చారు. అందుకని నేరుగా పనిలోకి వెళ్దాం.

మీరు ఆఖరుగా పంపిన ప్రెస్‌నోట్ ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో ఎన్ని వాక్యాలున్నాయి? పదో, పదిహేనో ఉంటాయి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, దీనికి ఆధారం ఏ కాగితం అని అడిగితే ఎన్నింటికి చూపించగలరు? ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. "ఎండీ గారు రాయమన్నారు, రాశాను" అంటారు మీరు. చట్టం దగ్గర ఆ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో చెబుతాను.

ముందు ఒక సంగతి. మన దేశంలో పీఆర్, అంటే పౌరసంబంధాల పని, చేయడానికి లైసెన్సు అక్కర్లేదు. డాక్టరుకి మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయరుకి బార్ కౌన్సిల్ ఉంది. మనకి అలాంటిదేమీ లేదు. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత పీఆర్ సమావేశంలో నీతి నియమావళిని ఆమోదించారు. ఆ తేదీనే మనం జాతీయ పౌరసంబంధాల దినంగా జరుపుకుంటున్నాం. ఆ నియమావళికి మూలం 1965లో ఏథెన్స్‌లో ఒప్పుకున్నది. మంచి నియమావళే. కానీ అది తప్పినవాణ్ణి ఈ వృత్తి నుంచి బయటికి పంపే అధికారం ఎవరికీ లేదు. అంటే గుమ్మం దగ్గర కాపలా ఉండాల్సింది మనమే. మనం ఆపకపోతే ఆపేవాళ్లు లేరు. ఆ తర్వాత వచ్చేది పోలీసు, కోర్టు.

సరే, పరువునష్టం దగ్గర మొదలుపెడదాం. మన ఏరియా ఉదాహరణే తీసుకుందాం. ఒక హేచరీ ఉంది, రొయ్య సీడ్, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలు, అమ్ముతుంది. సీజన్ మధ్యలో చెరువుల్లో వైట్‌స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చింది, రైతులు నష్టపోయారు. యజమాని మిమ్మల్ని పిలిచి, "పక్క హేచరీ సీడ్ వల్లే వచ్చిందని ఒక నోట్ కొట్టించు, పేరు పెట్టక్కర్లేదులే" అన్నాడు. ఏం చేస్తారు?

పేరు పెట్టకపోతే చాలు అనుకుంటాం. చాలదండి. "ఫలానా రోడ్డులో, మూడేళ్ల కిందట పెట్టిన ఓ హేచరీ" అని రాశారనుకోండి. ఆ రోడ్డులో ఉన్నది ఒకటే అయితే పేరు రాసినట్టే. చదివినవాడు గుర్తుపట్టగలిగితే చాలు. మనిషికే కాదు, కంపెనీకీ సంఘానికీ కూడా పరువు ఉందని చట్టం చెబుతోంది. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు ఇవే. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016లో చెప్పేసింది. కాబట్టి ఆ సెక్షన్ నిలవదులే అన్న ఆశ పెట్టుకోకండి.

"నిజమే కదండీ, నిజం రాస్తే తప్పేంటి?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. సివిల్ దావాలో నిజం పూర్తి రక్షణ. క్రిమినల్ కేసులో మాత్రం నిజం ఒక్కటే సరిపోదు. ఆ నిజాన్ని బయటపెట్టడం ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి. పోటీదారు వ్యాపారం పడగొట్టడానికి రాసినదాన్ని ప్రజాహితం అని నిరూపించడం అంత తేలికా? పోనీ, నిజం అని నిరూపించడానికైనా మీ దగ్గర ఏముంది? వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష రిపోర్టు ఉంది అంటారు. ఎవరు శాంపిల్ తీశారు? ఏ ట్యాంకు నుంచి? సీడ్ ప్యాకెట్లో ఉండగా తీశారా, చెరువులో వదిలి ఇరవై రోజులయ్యాక తీశారా? చెరువులో వదిలాక తీస్తే వైరస్ సీడ్‌తో వచ్చిందో, కాలవ నీటితో వచ్చిందో, పీతల నుంచి వచ్చిందో ఆ కాగితం చెప్పదు. ఆ శాంపిల్‌లో వైరస్ ఉందని మాత్రమే చెబుతుంది. మీ వాక్యం ఎంత చెబుతోందో, కాగితం అంతే చెబుతోందా? ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీయే మీకు ప్రమాదం.

ఇంకొకటి. "ఆరోపణలు వినిపిస్తున్నాయి", "రైతులు అనుకుంటున్నారు" అని రాస్తే మన మీదికి రాదనే నమ్మకం మన రంగంలో బాగా పాతుకుపోయింది. అది తప్పు. ఇంకొకరి నోటి మాటైనా సరే, మీరు పంపితే మీరు ప్రచురించినట్టే. పేపరుకి పంపకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టినా ప్రచురణే. సివిల్ దావాకి గడువు ప్రచురించిన నాటి నుంచి ఒక ఏడాది. ఆ ఏడాది అయ్యేదాకా ఆ నోట్‌కి సంబంధించిన చిత్తు ప్రతి కూడా పారేయొద్దు.

మరైతే యజమానికి ఏం చెప్పాలి? "మన సీడ్‌కి ఏ తేదీన, ఏ ల్యాబ్‌లో పరీక్ష చేయించామో, ఫలితం ఏమిటో రాద్దామండి" అని చెప్పండి. మన సరుకు గురించి మనం చెప్పుకోవడానికి మన దగ్గర కాగితం ఉంటుంది. పక్కవాడి సరుకు గురించి ఉండదు.

ఇప్పుడు ఆసుపత్రులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. జిల్లా ఎడిషన్లలో రోజూ కనిపించే ప్రెస్‌నోట్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇవే.

"జిల్లాలో తొలిసారి", "అరుదైన శస్త్రచికిత్స". తొలిసారి అని ఎలా తెలిసింది? జిల్లాలో ప్రతి ఆసుపత్రి రికార్డూ చూశారా? చూడలేదు. "మా ఆసుపత్రిలో తొలిసారి" అని రాయండి. దానికి మీ ఆపరేషన్ థియేటర్ రిజిస్టరే ఆధారం. నా మటుకు నాకు ప్రెస్‌నోట్ల భాషలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "తొలిసారి". రెండోది "పూర్తిగా". "షుగర్ పూర్తిగా నయం" అని మందు గురించి రాస్తే 1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం షెడ్యూల్లో షుగర్, క్యాన్సర్, పక్షవాతం, ఊబకాయం, ఎత్తు పెరగడం ఇలా చాలా ఉన్నాయి. వాటిని నయం చేస్తుందని మాత్రమే కాదు, నివారిస్తుందని అన్నా కుదరదు. ఆ చట్టం వాడిన మాట వినండి. అలాంటి ప్రకటన ప్రచురణలో ఎవరూ "ఏ విధమైన పాత్రా" తీసుకోకూడదంటుంది. మందు తయారు చేసినవాడు ఒక్కడే అనలేదు. రాసినవాళ్లు, అచ్చు వేసినవాళ్లు అందరూ అందులోకి వస్తారు. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, మళ్లీ దొరికితే ఏడాది వరకు. కరపత్రం, లేబులు, మైకులో చెప్పే ప్రచారం, అన్నీ ఆ చట్టం దృష్టిలో ప్రకటనలే.

ఇక రోగి ఫొటో. డాక్టరుగారు మధ్యలో, రోగి పక్కన, చేతిలో పళ్ల బుట్ట. ఎన్నిసార్లు చూశాం! ఆ రోగిని ఎవరైనా అడిగారా? అడిగారు అంటారు. ఎప్పుడు అడిగారు? డిశ్చార్జి రోజు, బిల్లు కౌంటర్ దగ్గర, రాయితీ ఇస్తామని చెప్పాక అడిగారు. అది అనుమతి అవుతుందా? 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలోనే ఉంది, గుర్తుపట్టేలా రోగి ఫొటో గాని, కేసు వివరాలు గాని అనుమతి లేకుండా ప్రచురించకూడదని. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అనుమతి అంటే స్వేచ్ఛగా, స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలంటోంది. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది.

అందుకని అనుమతి పత్రం ఇలా ఉండాలి. తెలుగులో ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించి, వినిపించినవారు కూడా సంతకం చేయాలి. ఫొటో ఎక్కడెక్కడ వస్తుందో విడివిడిగా రాయాలి. పేపర్లోనా, ఫేస్‌బుక్‌లోనా, ఊళ్లో కట్టే ఫ్లెక్సీ మీదా? పేపర్‌కి ఒప్పుకున్న మనిషి ఫ్లెక్సీకి ఒప్పుకున్నట్టు కాదు. జబ్బు పేరు రాయొచ్చా, ఊరు పేరు రాయొచ్చా అన్నది వేరే ప్రశ్నగా అడగాలి. ఒప్పుకోకపోయినా వైద్యంలోనూ బిల్లులోనూ తేడా ఉండదని అందులోనే రాసి ఉండాలి. వెనక్కి తీసుకోవాలంటే ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు వారైతే తల్లిదండ్రుల అనుమతి. ఇంత చేసి కూడా, గర్భసంచి ఆపరేషనో, మానసిక వైద్యమో, హెచ్ఐవీయో అయితే అనుమతి ఉన్నా ఫొటో వేయకండి. ఆ రోజు ఒప్పుకున్న మనిషి ఆ ఊళ్లోనే ముప్పై ఏళ్లు బతకాలి కదండీ.

లైంగిక దాడి కేసుల సంగతి ఇంకా గట్టిది. ఆసుపత్రి పీఆర్వోకీ స్కూల్ పీఆర్వోకీ ఇద్దరికీ చెబుతున్నాను. బాధితురాలి గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. పిల్లలైతే, లైంగిక నేరాల నుంచి వాళ్లని కాపాడే పోక్సో చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పేరు రాయలేదు కదా అంటారు. గుర్తింపు అంటే పేరు ఒక్కటే కాదు. తొమ్మిదో తరగతి, ఫలానా లంక గ్రామం, తండ్రి చేపల వ్యాపారి అని రాస్తే ఆ లంకలో ఇంకెవరున్నారు? రేవు దాటకముందే అందరికీ తెలిసిపోతుంది. చనిపోయిన బాధితుల విషయంలో కూడా ఇదే నిబంధన అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. "మా స్కూల్ విద్యార్థిని కాదు" అని ఖండన ఇచ్చే తొందరలో ఏ స్కూలో చెప్పేసిన నోట్లు కూడా ఉంటాయి. అదీ ఉల్లంఘనే.

రియల్ ఎస్టేట్ వాళ్లకి రెండే ముక్కలు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా, రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ నంబర్ రాకముందు ప్రకటన ఇవ్వకూడదు. "ప్రీ లాంచ్" అని ఫ్లెక్సీ కట్టినా ప్రకటనే. బ్రోషర్‌లో ఉన్న పార్కునీ రోడ్డునీ నమ్మి డబ్బు కట్టి నష్టపోతే రెరా చట్టం 12వ సెక్షన్ కింద కొనుగోలుదారు డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. బ్రోషర్‌లో గీసిన ప్రతి చెట్టూ ఒక హామీ అని గుర్తుంచుకుంటే చాలు.

ఫొటోల హక్కుల మీద ఒక నిమిషం. కోనసీమ కొబ్బరితోటల డ్రోన్ ఫొటో ఇంటర్నెట్‌లో దొరికింది, రిసార్ట్ బ్రోషర్‌కి వాడేశారు. తీసినవాడికి హక్కు ఉంది. మీరే డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు మీది. ఇతరుల దగ్గర హక్కులు కొంటుంటే రాతపూర్వకంగా కొనండి. కాలం రాయకపోతే ఐదేళ్లకే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ కాపీరైట్ చట్టం లెక్కేస్తుంది. ఎన్నారైల కోసం అమెరికాలో వాడాలంటే ఆ మాట రాయించుకోవాలి.

ఇప్పుడు అందరికీ తెలిసినా పైకి మాట్లాడని విషయం. కవర్లు. ప్రెస్‌మీట్ అయ్యాక నోట్‌తోపాటు ఇచ్చే కవరు. దీన్ని నేను మర్యాద అనను. ఆ కవరు వార్తని యాడ్‌గా మార్చేస్తుంది, పాఠకుడికి మాత్రం అది వార్తగానే చేరుతుంది. మోసపోయేది పాఠకుడే. ఊళ్ల నుంచి వార్తలు పంపే స్ట్రింగర్లకి జీతాలు తక్కువ, నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ లోటు పూడ్చాల్సింది పత్రిక యాజమాన్యం. మీరు డబ్బిచ్చి పేజీలో చోటు కొంటే దాని మీద "ప్రకటన" అని ఉండాలి. ఉందో లేదో చూసుకోవడం పత్రికలో వార్తలు దిద్దే డెస్క్ పని అని వదిలేయకండి, ప్రకటన వేయమని పత్రికకి ఇచ్చే రిలీజ్ ఆర్డర్లోనే రాయండి.

ఎన్నికలప్పుడు ఇది ఇంకా బరువెక్కుతుంది. డబ్బిచ్చి వేయించిన వార్త అని జిల్లా మీడియా కమిటీ తేలిస్తే ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది. కరపత్రం సంగతి చూస్తే, ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం దాని మీదే ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉండాలి. ప్రచురణకర్త సంతకం చేసి, ఆయన్ని ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించిన డిక్లరేషన్ రెండు ప్రతులు ప్రెస్ వాళ్లకి ఇవ్వాలి. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. రాత్రికి రాత్రి పదివేల కరపత్రాలు కొట్టించే హడావిడిలో మొదట జారిపోయేది ఈ కాగితమే.

అదే సూత్రం యూట్యూబ్ వాళ్లకీ వర్తిస్తుంది. ఆత్రేయపురం పూతరేకుల మీద వీడియో చేయమని ఒక ఫుడ్ వ్లాగర్‌కి నాలుగు డబ్బాలు పంపారు, డబ్బు ఇవ్వలేదు. అయినా అది ప్రతిఫలమే. వీడియోలో ఆ సంగతి చెప్పించాలి. కింద ఎక్కడో ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య దాచకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారుకీ ప్రచారం చేసినవారికీ పది లక్షల వరకు జరిమానా, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు. ప్రచారం చేసినవారిని ఏడాదిపాటు ఏ ప్రచారమూ చేయకుండా ఆపొచ్చు. ఇంకో మాట కూడా ఉంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడో చుట్టిన రేకుని ఆత్రేయపురం పేరుతో అమ్మే ప్రకటన మీరు రాస్తే అది అక్కడి ఆడవాళ్ల కష్టాన్ని దొంగిలించడమే. కుండ మీద పలుచటి రేకు తీయడం ఎంత నేర్పుతో కూడిన పనో మనకి తెలియనిదా?

ఆఖరుగా ఆపద సమయం. ఈ డెల్టాలో ఇది లేకుండా పీఆర్ గురించి మాట్లాడటం కుదరదు.

వరదలే తీసుకోండి. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, అంటే 10 లక్షల క్యూసెక్కులకి. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ఈ రెండు లెక్కలు కలిసిపోయిన నోట్ ఒక్కటి చాలు లంకల్లో జనాన్ని హడలగొట్టడానికి. "గోదావరి నీటిమట్టం 48 అడుగులు" అని ఊరు పేరు లేకుండా రాస్తే, పి.గన్నవరం దగ్గర చదివినవాడు ఏమనుకుంటాడు? నోట్‌లో నాలుగూ ఉండాలి. ఎక్కడ కొలిచారు, ఏ తేదీ ఎన్ని గంటలకి కొలిచారు, అడుగులా క్యూసెక్కులా, పెరుగుతోందా తగ్గుతోందా. గంట లేని వరద సమాచారం పాత సమాచారమే. కంపెనీ సేవా కార్యక్రమాల నోట్‌కి 2022 జూలై వరద ఫొటో తగిలించి పంపడం కూడా అంతే ప్రమాదం. విపత్తు గురించి గాని, దాని తీవ్రత గురించి గాని తప్పుడు హెచ్చరిక వ్యాపింపజేసి భయాందోళన కలిగిస్తే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడొచ్చు.

ఇక పరిశ్రమల ప్రమాదాలు. మన నేల కింద గ్యాస్ ఉంది, పైపులు ఉన్నాయి. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బ్లోఅవుట్, అంటే బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం, మొదలైంది, ఆ మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27న కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలింది, ఇళ్లల్లో నిద్రలో ఉన్నవాళ్లు పోయారు. ఇలాంటి రోజున తొలి గంటలో కంపెనీ పీఆర్వో "పరిస్థితి అదుపులో ఉంది" అని రాస్తే ఏమవుతుంది? మంట జనానికి కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. "ఇళ్లు ఖాళీ చేయండి" అన్నా కదలరు. అక్కడ ప్రాణాలు పోతాయి.

తొలి నోట్‌లో ఏముండాలి? ఏం జరిగింది, ఎక్కడ, ఎన్ని గంటలకి. జనం ఏం చేయాలి, ఏ వైపు వెళ్లకూడదు, పొయ్యి వెలిగించొచ్చా వద్దా. ఏ నంబరుకి ఫోన్ చేయాలి. మళ్లీ సమాచారం ఎన్ని గంటలకి ఇస్తాం. ఇంతే. కారణం రాయొద్దు, విచారణ మొదలే కాలేదు. చనిపోయినవారి సంఖ్య కలెక్టరేట్ చెప్పాక రాయండి, ఇంట్లోవాళ్లకి తెలియకముందు పేర్లు రాయొద్దు. ఆపరేటర్ పొరపాటనో, గ్రామస్తులే ఏదో చేశారనో అసలు రాయొద్దు. తెలియనిదాన్ని ఇంకా తెలియదనే రాయండి. చెప్పిన గంటకి కొత్త విషయం ఏమీ లేకపోయినా, ఏమీ లేదనే నోట్ ఇవ్వండి.

లాయరుగారు నోరు విప్పొద్దంటారు. ఆయన భయం ఆయనది, అందులో న్యాయం ఉంది. కానీ "ఈ కుటుంబాలకి జరిగినదానికి బాధపడుతున్నాం, వారి దగ్గరే ఉన్నాం" అనడం తప్పు ఒప్పుకోవడం కాదు. లాయరుతో కూర్చుని ఆ వాక్యాన్ని ముందే, ప్రమాదం ఏదీ లేని రోజునే తయారు చేసుకోండి. "సాయం" అని రాయాలా "పరిహారం" అని రాయాలా అన్నది కూడా ఆ రోజే తేల్చుకోండి. చట్టం ఇమ్మన్నదాన్ని దయతో ఇచ్చిన సాయంలా రాయడం పోయినవారి కుటుంబాన్ని అవమానించడమే.

ఇక కాగితాల సంగతి, ముగిస్తాను. ప్రతి నోట్‌కీ ఒక ఫైలు. అందులో ప్రతి వాక్యానికి ఆధారం, ఎవరు ఆమోదించారు, ఏ రోజు, ఏ ప్రతిని ఆమోదించారు, ఎవరెవరికి పంపారు. వాట్సాప్‌లో వచ్చిన "ఓకే" సాక్ష్యమే, కానీ కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మారిస్తే ఆ ఓకే కూడా పోతుంది. అందుకని ఆమోదం మెయిల్‌లో తీసుకోండి. యజమాని మెయిల్ ఇవ్వనంటే, ఆయన నోటితో చెప్పినదాన్ని మీరే రాసి "మీరు ఇలా చెప్పారు, ఇలా పంపుతున్నాను" అని ఆయనకి మెయిల్ చేయండి. ఆ మెయిల్ చూశాక చాలాసార్లు ఆయనే నోట్ ఆపమంటారు.

తప్పు వెళ్లిపోతే? పోస్ట్ నిశ్శబ్దంగా తీసేయకండి. శీర్షికలోనే "సవరణ" అని పెట్టండి. ఏది తప్పుగా వెళ్లింది, సరైనది ఏది, రెండు వాక్యాల్లో రాయండి. మొదటి నోట్ ఎన్ని గ్రూపుల్లోకి, ఎన్ని డెస్క్‌లకి వెళ్లిందో ఆ జాబితా మీ ఫైల్లో ఉంటుంది కదా, అందరికీ అదే రోజు పంపండి. రాత్రి తొమ్మిది దాటితే జిల్లా పేజీలు వెళ్లిపోతాయి, అప్పుడు మెయిల్ సరిపోదు, డెస్క్‌కి ఫోన్ చేసి చెప్పండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.